గాజుతొట్టిలో మత్స్యన్యాయం
(మొక్కలు నాటిన తొట్టిలో మాంసాహార చేపల పెంపకం – నాచు నివారణ – సహచరుల ఎంపిక)

పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మన పూర్వులు 'మత్స్యన్యాయం' అన్నారు. దండించే రాజు లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగేస్తాడని చెప్పడానికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో యీ ఉపమానాన్నే వాడుకున్నాడు. రాజనీతికి అది ఉపమానమే గాని, జంతుశాస్త్రం చదివే మనకు మాత్రం కంటి ముందు జరిగే సంగతి. చేపల తొట్టిలో కొర్రమేను పిల్లను వేసి, దాని పక్కన నాలుగు చిన్న పరిగెల్ని వదిలి చూడండి. తెల్లవారేసరికి పరిగెలు కనిపించవు. నెల తిరిగేసరికి తొట్టి అద్దాలకు పచ్చగా పాచి పట్టి కొర్రమేను కూడా కనిపించదు!

అప్పుడు మనవాళ్ళు రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటిది – "ఈ నాచు పోయేదెలా?" రెండవది – "దీనితో కలిసి బతికే చేప ఏది?" ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని అనుకోవడం దగ్గరే చిక్కు వస్తున్నది. తొట్టిలో ఎవరు ఎవరిని తింటారు, తిన్నది ఎక్కడికి పోతుంది అన్న ఒకే లెక్కకు ఇవి రెండు కొసలు. ఆ లెక్కను విద్యార్థి మిత్రులకు విప్పి చూపడమే యీ వ్యాసం ఉద్దేశం.

మొదటి తొట్టి చెప్పిన పాఠం

మొక్కలతో, చేపలతో 'తూకం కుదిరిన తొట్టి' అనే భావం కొత్తది కాదు. లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్ ఒక పెద్ద గాజుపాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, కాస్త వాలిస్నేరియా మొక్కను పెట్టి గమనించి, ఫలితాలను 1850లో ప్రకటించాడు. వాలిస్నేరియా అంటే మన వృక్షశాస్త్ర పాఠంలో నీటి ద్వారా పరాగ సంపర్కానికి ఉదాహరణగా వచ్చే మొక్కే. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంది. మొక్క వదిలిన ఆమ్లజనిని చేప తీసుకుంది. అంతా బాగానే వుందనుకునేలోగా ఆకులు కుళ్ళాయి, అద్దాలకు పచ్చని జిగురు పట్టింది. అప్పుడాయన ఐదారు నత్తల్ని వేశాడు. అవి కుళ్ళును, జిగురును తిని పాత్రను శుభ్రం చేశాయి. వాటి గుడ్లు చేపలకు మేతయినాయి.

అంటే నాచును దృష్టిలో పెట్టుకొని సహచరుణ్ణి ఎంచుకోవడం ఆ తొలినాటి తొట్టిలోనే జరిగింది. అయితే ఆయన పెంచినది గోల్డ్‌ఫిష్. ఆ స్థానంలో మాంసాహారి వస్తే తూకం ఎలా మారుతుంది?

మన నీళ్ళలోని వేటగాళ్ళు

మాంసాహార చేపలంటే అమెజాన్ నది పిరానాలే గుర్తుకు రానక్కరలేదు. నర్సీపట్నం చుట్టుపట్ల వరాహ నది, తాండవ జలాశయం, ఊరూరా చెరువులు, చింతపల్లి దారిలో కొండవాగులు – ఇన్ని నీళ్ళు పెట్టుకొని మన వేటగాళ్ళను మనమే ఎరగకపోవడం బాగుండదు. వాటిలో ముఖ్యమైనది 'చన్నా' ప్రజాతి. కొర్రమేను (చన్నా స్ట్రయాటా), మట్టగిడస (చన్నా పంక్టేటా), పూమేను (చన్నా మారూలియస్), కొండవాగుల్లో రాళ్ళ సందున వుండే జానెడు చన్నా గచువా – ఇవన్నీ ఒక వంశంవే.

డిగ్రీ తరగతిలో 'చేపలలో అదనపు శ్వాసేంద్రియాలు' అనే పాఠం చదివినవారికి వీటి ప్రత్యేకత తెలుసు. మొప్పల పైభాగాన వీటికి గాలి గదులుంటాయి. కొన్ని నిమిషాల కొకసారి పైకి వచ్చి గాలి మింగుతాయి. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందు కోసం జనం చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కొర్రమేను పిల్లల్ని పట్టుకొని బారులు తీరి నిలబడటం మనం పత్రికల్లో చూస్తూనే వుంటాం. గుప్పెడు నీళ్ళలో అంతసేపు ఆ పిల్లలు బతకడానికి కారణం యీ గాలి గదులే. అలాగని నీటిపై గాలి అందకుండా మూస్తే చేప అయివుండీ ఊపిరాడక చస్తాయి. అంచేత తొట్టిని అంచు దాకా నింపకూడదు. మూడు నాలుగు అంగుళాల ఖాళీ వుంచి, పైన గట్టి జాలీ మూత పెట్టి, దానిపై బరువుంచాలి. తడినేల మీద పాకి పక్క చెరువుకు పోగల చేపకు తొట్టి గోడ ఒక లెక్క కాదు.

ఎన్నిక విషయంలో ఒకటే మాట. పూమేను మీటరు దాటి పెరుగుతుంది. కొర్రమేను మామూలుగానే అడుగున్నర, రెండడుగులు. ఈ రెండూ చెరువుకు తగినవి. మీటరుకు మించి పెరిగే వాలుగ సంగతి చెప్పనే అక్కరలేదు. మూడడుగుల తొట్టికి తగినవి గచువా, మహా అయితే మట్టగిడస. పైగా గచువాలో మగచేప గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకొని కాపాడుతుంది. వేటగాడి నోరే ఉయ్యాల కావడం ఇంట్లో కూర్చొని చూడదగిన వింత.

చెరువులో ఒక తీరు, తొట్టిలో ఒక తీరు

ఇక్కడొక విచిత్రం వున్నది. చెరువులో మాంసాహార చేప నీటిని తేటపరచగలదు. అదే చేప తొట్టిలో నీటిని పచ్చబరుస్తుంది.

చెరువు సంగతి ముందు చూద్దాం. నీటిలో తేలే సూక్ష్మ శైవలాలను డాఫ్నియా వంటి నీటి ఈగలు తింటాయి. ఆ నీటి ఈగలను చిన్న చేపలు తింటాయి. చిన్న చేపలను కొర్రమేను వంటివి తింటాయి. వేటగాడు వుంటే చిన్న చేపలు తగ్గి, నీటి ఈగలు పెరిగి, నాచు తగ్గుతుంది. వేటగాడు లేకపోతే ఇదంతా తిరగబడుతుంది. హర్ల్‌బర్ట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ప్రయోగపు కుంటల్లో గంబూసియా చేపలను వేసి చూశారు. నీటి ఈగలు తుడిచిపెట్టుకు పోయి నీరు పచ్చబడింది. ఇది 1972లో ప్రచురితమయింది. దోమలను అరికడతాయని మన చెరువుల్లోనూ నూతుల్లోనూ వదిలే చేపలు యీ గంబూసియాలే. 1985లో కార్పెంటర్, కిచెల్ మొదలైన అమెరికన్ శాస్త్రజ్ఞులు సరస్సుల విషయంలో యీ గొలుసునంతా ఒక సిద్ధాంతంగా వివరించారు. మన ఉష్ణమండలపు చెరువుల్లో చేపలు ఏడాది పొడవునా పిల్లలు పెడుతూ, అన్నీ తింటూ వుంటాయి గనుక యీ గొలుసు అంత బిగువుగా వుండదు గాని, సూత్రం మాత్రం అదే.

మరి తొట్టిలో ఏమవుతున్నది? చెరువులో కొర్రమేను తినే తిండి ఆ చెరువులోనే పుట్టింది. తొట్టిలో తినే తిండి మనం బజారు నుంచి తెచ్చి వేసింది. బయటినుంచి లోపలికి వస్తున్నదే గాని, లోపలినుంచి బయటికి పోతున్నది లేదు. నాచు పుట్టుక రహస్యమంతా ఇంతే.

పది గ్రాముల రొయ్య – ఒక లెక్క

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు వున్న తొట్టిలో 15 అంగుళాల లోతు నీరు పోస్తే దాదాపు 160 లీటర్లు. ఇందులో చేపకు 10 గ్రాముల రొయ్య మాంసం వేశామనుకుందాం. అందులో మాంసకృత్తులు సుమారు 2 గ్రాములు. మాంసకృత్తులలో నత్రజని 16 శాతం కాబట్టి నత్రజని 0.32 గ్రాము. చేప తన ఒంటికి పట్టించుకున్నది పోను, ముప్పాతిక వంతు మళ్ళీ నీటిలోకి వస్తుందనుకుంటే 0.24 గ్రాము, అంటే 240 మిల్లీగ్రాములు. దీన్ని 160 లీటర్లకు పంచితే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

ఈ నత్రజని ముందుగా మొప్పల ద్వారా అమ్మోనియాగా బయటికి వస్తుంది. ఇసుకలోనూ, ఫిల్టరు స్పాంజిలోనూ వుండే బాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. రెండవ పని చేసేది నైట్రోబాక్టర్ అని మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. చేపల తొట్టెలలో ఆ పని ముఖ్యంగా నైట్రోస్పైరాలు చేస్తున్నాయని 1998లో పరిశోధకులు చూపించారు. ఎవరు చేసినా యీ బాక్టీరియాలు స్థిరపడటానికి నాలుగైదు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజునే చేపను వేయరాదనడానికి కారణమిదే.

నైట్రేట్ లెక్కలో ఆ 1.5 మి.గ్రా. నత్రజని 6.6 మి.గ్రా. అవుతుంది. వారానికి మూడుసార్లు మేత వేస్తే లీటరుకు 20 మి.గ్రా. వారం వారం మూడోవంతు నీరు మార్చినా, నీరు మార్చే ముందు నైట్రేట్ చివరకు 60 మి.గ్రా. దగ్గర నిలుస్తుంది. (60లో మూడోవంతు తీస్తే 40, మళ్ళీ వారంలో 20 చేరితే 60 – గణితం వచ్చినవారు సరిచూసుకోవచ్చు.) సగం నీరు మార్చితే 40 దగ్గర నిలుస్తుంది. రొయ్యతోపాటు వచ్చే భాస్వరం దీనికి అదనం. నీరు మార్చడం ఒక్కటే చాలదని యీ అంకెలే చెబుతున్నాయి.

మిగిలిన పని మొక్కలు చేయాలి. నీటిమొక్కలో తొంభై పాళ్ళకు పైగా నీరే. ఎండు పదార్థం నూటికి 8 పాళ్ళు, అందులో నత్రజని 3 శాతం అనుకుంటే, 100 గ్రాముల పచ్చి హైడ్రిల్లాలో 0.24 గ్రాము నత్రజని వుంటుంది. అంటే 10 గ్రాముల రొయ్య తెచ్చిన భారాన్ని వెనక్కి తీయాలంటే 100 గ్రాముల మొక్కను పెంచి, కత్తిరించి, బయట పారేయాలి. లెక్క ముతకదే గాని దారి చూపుతుంది. మొక్కను నాటడంతో సరిపోదు, కోయాలి. కోయని మొక్క తొట్టిలోనే కుళ్ళి, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొర్రమేను జాతి గాలి పీలుస్తుంది గనుక పాడయిన నీటిలోనూ హాయిగా తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. "చేప బాగానే వుంది, కాబట్టి నీరు బాగానే వుంది" అని తీర్మానించకూడదు. మొప్పలతోనే ఊపిరి తీసే పరిగె ముందుగా ఇబ్బంది పడుతుంది. పైగా మధ్యాహ్నం మొక్కలు బొగ్గుపులుసు వాయువును పీల్చేసినప్పుడు నీటి క్షారగుణం పెరిగి, అదే అమ్మోనియా మరింత విషమవుతుంది.

ఏ మొక్కలు?

వేటాడే చేప తవ్వుతుంది, దూకుతుంది, ఆకుల మధ్య నక్కుతుంది. నాజూకు మొక్కలు దాని ముందు నిలవవు.

1. హైడ్రిల్లా, సెరటోఫిల్లం: త్వరగా పెరుగుతాయి, వేరు లేకపోయినా ఫరవాలేదు. గరాటు, పరీక్షనాళిక పెట్టి ఆమ్లజని బుడగలు చూసిన హైడ్రిల్లా ఇదే. నీటిలోని అమ్మోనియాను నేరుగా తీసుకోవడంలో ఇవి ముందుంటాయి.

2. వాలిస్నేరియా: ఇసుకలో వేరూని, పిలకలతో వ్యాపిస్తుంది. చుట్టూ గులకరాళ్ళు పేరిస్తే చేప పెకలించలేదు.

3. అంతరతామర: నీటిపై తేలుతూ వేళ్ళతో పోషకాలను లాగుతుంది. వెలుతురును తగ్గించి నాచుకు అడ్డం పడుతుంది. నీడ కోరే కొర్రమేను జాతికి గొడుగవుతుంది. అయితే నీటిపై సగభాగం ఎప్పుడూ తెరిపిగా వుండాలి. గాలి పీల్చుకోవడానికి చేపకు దారి కావాలి గదా!

4. జావా ఫెర్న్, అనూబియాస్: దుకాణాల్లో దొరుకుతాయి. గట్టి ఆకులు. చెక్కకో రాతికో దారంతో కడితే చాలు. మెల్లగా పెరుగుతాయి గనుక ఎండ వెలుగులో వుంచితే వాటి ఆకుల మీదే నాచు పడుతుంది. నీడన వుంచాలి.

వెలుతురు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు మించనక్కరలేదు. పడమటి కిటికీ పక్కన తొట్టి పెట్టడమంటే వేసవిలో చేపను ఉడకబెట్టడం, నాచును విత్తడం – రెండూ ఒక్కసారే చేయడం.

నాచు ఒకటి కాదు

మనం నాచు, పాచి అని కలిపి పిలిచేవాటిలో పలు వర్గాలున్నాయి. ఏది వచ్చిందో గుర్తించకుండా మందు వేయడం జ్వరం రకం తెలియకుండా మాత్ర మింగడం లాంటిది.

గోధుమరంగు పొడి: కొత్త తొట్టిలో మొదట వచ్చేది. ఇవి డయాటమ్‌లు. వేలితో రాస్తే పోతాయి. కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. కంగారు వద్దు.

పచ్చనీరు: ఏకకణ శైవలాల పని. ఎండ, అమ్మోనియా కలిసినచోట పుడుతుంది. తొట్టికి నల్లగుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు చీకటిలో వుంచి, తర్వాత సగం నీరు మార్చాలి. ఆ రోజుల్లో మేత మానాలి, గాలి పంపు ఆపకూడదు.

దారపు నాచు: స్పైరోగైరా, ఈడోగోనియం, క్లాడోఫోరా. జారుడుగా వుంటే స్పైరోగైరా, గరుకుగా వుంటే క్లాడోఫోరా అని చేతికే తెలుస్తుంది. మైక్రోస్కోపు కింద చుట్టలు తిరిగిన హరితరేణువు కనిపిస్తే ఇక సందేహమే లేదు. పుల్లకు చుట్టి లాగేయడమే మేలైన పద్ధతి. లాగిన ప్రతి ముద్దతోనూ కొంత నత్రజని బయటికి పోతుంది.

నీలిపచ్చ జిగురు: ఆసిలటోరియా వంటివి. మట్టివాసన కొడుతూ దుప్పటిలా ఇసుకను కప్పుతాయి. నిజానికి ఇవి శైవలాలు కావు, బాక్టీరియాలే. ఈ తెగలోని అనబీనా వంటివి గాలిలోని నత్రజనినే పట్టుకోగలవు గనుక నీటిలో నైట్రేట్ తగ్గించినంత మాత్రాన లొంగవు. ఇసుకలో పేరుకున్న మేత తుక్కును గొట్టంతో పీల్చివేయాలి. నీటికి కదలిక కల్పించాలి.

నల్లని గడ్డపు నాచు: ఆకుల అంచున కుచ్చులుగా వస్తుంది. రంగు నలుపైనా ఇది ఎరుపు శైవలాల వర్గం. పట్టిన ఆకును కత్తిరించి పారేయాలి.

ఇక మైలుతుత్తం సంగతి. నాచును చంపుతుందన్న మాట నిజమే. నత్తలను చంపుతుంది, పొలుసులు లేని జెల్ల జాతి చేపలకూ ప్రాణం మీదికి తెస్తుంది. చచ్చిన నాచు కుళ్ళి ఆమ్లజనిని తినేస్తుంది. కారణం అలాగే వుంటుంది గనుక నాచు మళ్ళీ వస్తుంది. మొక్కలున్న తొట్టిలో దాని జోలికి పోకూడదు. కుళాయి నీటిని మాత్రం ఒకరోజు వెడల్పాటి తొట్టెలో నిలవబెట్టి క్లోరిన్ పోనిచ్చి వాడాలి. లేకుంటే మనకు కావలసిన బాక్టీరియాలే ముందుగా చస్తాయి.

సహచరుల ఎంపిక

ఇందులో సూత్రాలు నాలుగే.

ఒకటి – నోరు కొలిచి చూడాలి. నోట్లో పట్టేది సహచరుడు కాదు, మేత. ఇక్కడ పొడవు కంటే ఒంటి మందం ముఖ్యం. బొమ్మిడాయి జానెడు పొడవున్నా సన్నగా వుంటుంది గనుక కొర్రమేను దాన్ని సేమియాలా లాగేసుకుంటుంది. అదే పొడవున్న వెడల్పాటి పెద్ద పరిగె గొంతులో పట్టదు. పైగా వేటగాడు పెరుగుతాడు. ఈనాటి సరిజోడు ఆరునెలలకు మేత కావచ్చు.

రెండు – ముళ్ళను మరచిపోకూడదు. జెల్ల తన రెక్కముల్లును నిగడదీస్తే మింగబోయిన చేప గొంతులో ఇరుక్కుంటుంది. రెండూ చస్తాయి. ఇంగిలాయి ముల్లుకు విషముంది. తొట్టిలో చేయి పెట్టే మనకూ ప్రమాదమే.

మూడు – అంతస్తులు వేరుగా వుండాలి. ఇసుకదొందు అడుగున కాపువేసే చేప. మట్టగిడస కూడా అడుగునే విశ్రమిస్తుంది. ఇద్దరిదీ ఒకే జాగా అయితే రోజూ తగవే. నడిమి నీటిలో గుంపుగా తిరిగే ఒడ్డుపొడుగున్న పరిగెలు ఐదారు వుంటే అడుగున వుండే వేటగాడికీ బెరుకు తగ్గుతుంది. మనుషులు దగ్గరికి రాగానే దాక్కోవడం మానుతుంది. ఈ పరిగెలు మెత్తని నాచును కొంత కొరుకుతాయి. దానితోపాటు లేత చిగుళ్ళనూ కొరుకుతాయి. అందుకే గట్టి ఆకుల మొక్కలు కావాలని ముందే చెప్పుకున్నాం.

నాలుగు – చిన్నది సాధువని అనుకోకూడదు. గాజులా ఒంట్లో ఎముకలు కనబడే చందా నామా బొటనవేలంత వుంటుంది. కాని ఇతర చేపల పొలుసులు పీకి తినడం దాని వృత్తి. ఒకే తొట్టిలో రెండు మగ గచువాలు కూడా పొసగవు. జత కుదిరిన ఆడామగలయితే సరి, లేకుంటే ఒంటిగా వుంచడమే దయ.

ఈ సూత్రాలకు మూలసూత్రం ఒకటుంది. తొట్టిలో చేర్చే ప్రతి సహచరుడూ మరికొంత మేత, మరికొంత అమ్మోనియా తెస్తాడు. పై లెక్కలో ఒక్క చేపకే వారానికి 300 గ్రాముల మొక్క కోయవలసి వచ్చింది. పరిగెలు చేరితే ఆ భారమూ లెక్కలో చేరుతుంది. మొక్కలు ఎంత మోయగలవో చూసి సహచరుల సంఖ్యను నిర్ణయించాలి. నాచు పెరుగుతున్నదంటే సంఖ్యయినా మించింది, మేతయినా మించింది.

'నాచు తినే చేప' అనే ప్రలోభం

ఈ సమయంలో దుకాణదారు ఒక సలహా ఇస్తాడు: "ఒక సక్కర్ వేయండి సార్, అద్దాలన్నీ నాకేస్తుంది." ఒంటినిండా పలకల్లాంటి కవచం, అడుగున పీల్చే నోరు వుండే దక్షిణ అమెరికా చేప యిది. శాస్త్రీయనామం టెరిగోప్లిక్తిస్. కవచం వుంది గనుక వేటగాడు మింగలేడు, నాచు తింటుంది – పైకి చూస్తే ఒకే దెబ్బకు రెండు సమస్యలూ తీరినట్టే.

కాని అడుగున్నర పెరిగే చేప అది. నాకిన నాచుకు మించిన పెంటను నీటిలో కలుపుతుంది. నాచులోని నత్రజనిని బయటికి తీయదు, రూపం మార్చి తొట్టిలోనే వుంచుతుంది. ఏడాదిలో తొట్టి పట్టదు. అప్పుడు దాన్ని ఏ సంచిలోనో వేసి దగ్గరి చెరువులో వదిలేస్తారు. చంపడానికి చేతులు రావు, వదిలితే పుణ్యమనుకుంటారు.

ఆ పుణ్యం ఫలితం ఇప్పుడు మన కళ్ళెదుట వుంది. తూర్పు కనుమల నీటి వనరుల్లో యీ చేప విస్తరించిందని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో కలిసిన డి.ఎన్.ఎ. ఆనవాళ్ళను బట్టి గుర్తించారు. వలలో పడితే దాని ముళ్ళకు వల చిరుగుతుంది. తినడానికి జనం ఇష్టపడరు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. తాండవలో, చెరువుల్లో వలవేసి బతికే కుటుంబాలకు యిది గాజుతొట్టి ముచ్చట కాదు, పూటకూటి ప్రశ్న.

ఇదే కథ తలకిందులుగా అమెరికాలో జరిగింది. మేరీలాండ్ రాష్ట్రంలోని క్రాఫ్టన్ అనే ఊళ్ళో ఒక వ్యక్తి మన కొర్రమేనుకు దాయాది అయిన చన్నా ఆర్గస్ చేపలను రెండింటిని కొని, తొట్టిలో పెంచి, పెరిగాక చెరువులో వదిలాడు. 2002లో ఆ సంగతి బయటపడేసరికి వందలకొద్దీ పిల్లలున్నాయి. అధికారులు ఆ చెరువులో విషం కలిపి చేపలన్నిటినీ చంపవలసి వచ్చింది. ఆ యేడే కొర్రమేను వంశమంతటినీ హానికర జంతువుల జాబితాలో చేర్చి ప్రాణంతో దిగుమతి చేయడాన్ని నిషేధించారు. తెలంగాణలో రాష్ట్ర చేపగా గౌరవం పొందిన కొర్రమేనుకు అక్కడ దక్కిన స్థానమది. చేప మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఏ నీటిది ఆ నీట వుండాలి.

స్థానిక చేపే అయినా సరే, దుకాణపు చేపలతో కలిసి వున్నదాన్ని తిరిగి చెరువులో వదలరాదు. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల తెగులు (ఇ.యు.ఎస్.) కొర్రమేను, మట్టగిడసల్నే ఎక్కువగా బలిగొన్నది. రోగం నీటితోనూ చేపతోనూ ఊళ్ళు దాటుతుంది.

వారానికొక గంట

ఆచరణలో ఇదంతా కలిపి వారానికొక గంట పని.

– మేత వారానికి రెండు మూడుసార్లు. రొయ్యముక్క, వానపాము మేలు. గంటలో తినని ముక్కను తీసివేయాలి.

– వారానికొకసారి మూడోవంతు నుంచి సగం నీరు మార్పు, ఇసుకపై తుక్కు పీల్చివేత.

– స్పాంజిని తొట్టినీటిలోనే పిండాలి, కుళాయి కింద కడగరాదు.

– పెరిగిన మొక్క కత్తిరింపు. కోసిన మొక్కను తూచి పుస్తకంలో రాయండి, వేసిన మేతనూ రాయండి. ఆర్నెల్లయ్యేసరికి ఆ రెండు వరుసలే నాచు ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో చెబుతాయి.

– కత్తిరించిన మొక్కలను కాలువలో పారేయక ఎండబెట్టి ఎరువులో వేయాలి. తొట్టి నీరు పూలమొక్కలకు పోయవచ్చు.

– తొట్టికి మించి పెరిగిన చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా పెద్ద తొట్టి వున్నవారికి అప్పగించాలి. కొర్రమేనయితే పులుసు పెట్టుకున్నా తప్పులేదు, అదీ మత్స్యన్యాయమే. చెరువులో మాత్రం వదలకూడదు.

జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర విద్యార్థులు కలిసి ప్రయోగశాలలో ఇలాంటి తొట్టి ఒకటి పెడితే, శ్వాసేంద్రియాలు, నత్రజని వలయం, శైవలాలు, ఆహారపు గొలుసు – నాలుగు పాఠాలు ఒకేచోట కనిపిస్తాయి. ఖర్చు పెద్దదేమీ కాదు. పెట్టేవారు తొట్టి మీద ఒక చీటీ మాత్రం అతికించాలని మనవి: "ఈ చేపలను, ఈ మొక్కలను చెరువులో వదలరాదు."